బలం బిళ్ళ కాదు, రబ్బరు సుత్తి అడగండి



మొగల్తూరు నుండి ఇటు నరసాపురం వరకు, అటు పేరుపాలెం తీరం వరకు ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా అరవై దాటినవారి నోట వినిపించే మాట ఒకటే: "కాళ్ళు పీకుతున్నాయండీ." పిక్కలు పట్టేస్తున్నాయని కొందరు, తొడల్లో సత్తువ లేదని కొందరు, కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించక తప్పడం లేదని మరికొందరు చెబుతారు. ఈ బాధ కల్పితం కాదు, అల్పమూ కాదు. అయితే ఈ బాధకు సమాధానంగా ఇటీవల మన ఇళ్ళలోకి రెండు వస్తువులు ప్రవేశించాయి. ఒకటి, సెలీనియం బిళ్ళల సీసా. రెండవది, కండరాన్ని సుత్తితో కొట్టినట్లు టకటకా కొట్టే మసాజ్ గన్ అనే యంత్రం. కొన్ని మెడికల్ షాపు నుండి వస్తున్నాయి, కొన్ని ఫోనులో ఆర్డరు పెడితే వస్తున్నాయి, ఎక్కువ భాగం అమెరికాలో ఉన్న పిల్లల సూట్‌కేసుల్లో ప్రేమతో పాటు వస్తున్నాయి.

ఆ ప్రేమను నేను తప్పుపట్టడం లేదు. ఆ సీసానూ, ఆ యంత్రాన్నీ రోగనిర్ణయానికి బదులుగా వాడుకోవడాన్ని తప్పుపడుతున్నాను. కండరాల నొప్పి ఒక జబ్బు పేరు కాదు. అది అనేక జబ్బులు తట్టే ఒకే తలుపు. తలుపు తట్టినది ఎవరో చూడకుండా లోపలి నుండే ఒక బిళ్ళ విసిరితే, బయట ఉన్నది చుట్టమో దొంగో ఎప్పటికీ తెలియదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే: కారణం కనుక్కోకుండా సెలీనియం మింగడం మన ప్రాంతంలో చాలామందికి అనవసరం, కొందరికి ప్రమాదకరం, అందరికీ కాలహరణం.

సెలీనియం చేసే మేలు నిజమే

ప్రత్యర్థి వాదనలోని బలాన్ని ముందుగా ఒప్పుకోవడం న్యాయం. సెలీనియం పనికిమాలిన పదార్థం కాదు. 1817లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ దానిని కనుగొని, గ్రీకుల చంద్రదేవత సెలీనీ పేరు పెట్టాడు. ఆ తరువాత చాలాకాలం అది విషంగానే ప్రసిద్ధి పొందింది. 1957లో ష్వార్జ్, ఫోల్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు అతి స్వల్ప మోతాదులో అది ఎలుకల కాలేయాన్ని కాపాడుతున్నదని చూపించిన తరువాతనే అది ఆవశ్యక పోషకాల జాబితాలో చేరింది. మరుసటి ఏడాది అమెరికాలోని ఓరెగాన్ పరిశోధకులు గొర్రెపిల్లలకు వచ్చే ఒక వింత జబ్బును సెలీనియంతో నివారించారు. ఆ జబ్బులో గొర్రెపిల్ల కండరాలు ఎర్రదనం కోల్పోయి సున్నం పూసినట్లు తెల్లబడతాయి. పిల్ల లేచి నిలబడలేదు. దానికి తెల్ల కండర వ్యాధి అనే పేరు.

కండరానికీ సెలీనియానికీ సంబంధం ఏమిటి? పని చేసే కండరం ప్రాణవాయువును విపరీతంగా వాడుకుంటుంది. ఆ దహనంలో పొయ్యిలోంచి నిప్పురవ్వలు ఎగిరినట్లు పెరాక్సైడుల వంటి తీక్ష్ణ పదార్థాలు పుడతాయి. వాటిని చల్లార్చకపోతే అవి కణపు పొరలనే కాలుస్తాయి. చల్లార్చే పనివారిలో ముఖ్యమైనది గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము. దాని నిర్మాణంలో సెలీనియం భాగమని 1973లో తేలింది. మన శరీరంలో సెలీనియం ఇమిడిన ప్రోటీన్లకు 25 జన్యువులు ఉన్నాయి. థైరాయిడ్ హార్మోనును చురుకైన రూపంలోకి మార్చే ఎంజైములు కూడా ఆ కుటుంబంలోనివే.

మనుషుల్లోనూ నిదర్శనాలు ఉన్నాయి. 1935లో చైనా ఈశాన్య ప్రాంతంలోని కెషాన్ అనే చోట గుండె కండరాన్ని దెబ్బతీసే వ్యాధి ప్రబలింది. ఆ ఊరి పేరే ఆ వ్యాధికి స్థిరపడింది. సెలీనియం అతి తక్కువగా ఉన్న నేలల్లో పండిన తిండి తినేవారికే అది వచ్చేదని తరువాత గుర్తించారు. 1974లో అక్కడి సిచువాన్ రాష్ట్రంలో పిల్లలకు సోడియం సెలినైట్ ఇచ్చి చూశారు. ఇవ్వని 3,985 మంది పిల్లల్లో 54 మందికి వ్యాధి రాగా, ఇచ్చిన 4,510 మందిలో 10 మందికి మాత్రమే వచ్చింది. 1979లో న్యూజిలాండ్‌లో నోటి ద్వారా ఆహారం తీసుకోలేక కేవలం సిరల ద్వారానే పోషణ పొందుతున్న ఒక రోగికి కండరాల నొప్పులు వచ్చాయి. రోజుకు 100 మైక్రోగ్రాముల సెలీనియం ఇవ్వగానే వారం రోజుల్లో అవి తగ్గాయి.

సీసా అమ్మేవారు ఈ నిదర్శనాలన్నీ చూపిస్తారు. చూపించనివ్వండి. అవన్నీ నిజమే. కాని వాటిని మరొకసారి జాగ్రత్తగా చదవండి. గొర్రెపిల్లకు సెలీనియం లేదు. కెషాన్ పిల్లవాడికి లేదు. సిరల ద్వారా ఆహారం ఎక్కించుకుంటున్న రోగికి ఆ ద్రావణంలో సెలీనియం కలపలేదు. లేనివారికి ఇస్తే మేలు కలిగింది. ఉన్నవారికి మరింత ఇస్తే మరింత మేలు కలుగుతుందని వీటిలో ఏ ఒక్కటీ చెప్పడం లేదు. ఎండిన చేనుకు నీరు ప్రాణం. నిండిన చేనుకు అదే నీరు ముంపు. కాలువ నీటితో బతికే డెల్టా రైతుకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనవసరం లేదు.

మన కంచంలో లోటు ఉన్నదా?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు సూచించిన సెలీనియం 40 మైక్రోగ్రాములు. అమెరికా వారి సిఫార్సు 55. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఇక లెక్క చూడండి. అమెరికా ఆహార పట్టికల ప్రకారం ఒక పెద్ద కోడిగుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాముల సెలీనియం ఉంటుంది. వంద గ్రాముల రొయ్యల్లో 30కి అటూ ఇటూ ఉంటుంది. సముద్రపు చేపలన్నీ సాధారణంగా సెలీనియానికి మంచి ఆధారాలే. నేలను బట్టి, మేతను బట్టి అంకెలు కొంత మారవచ్చు గాని, దిశ మారదు.

ఇప్పుడు మన ప్రాంతాన్ని తలచుకోండి. ఒక పక్క సముద్రం, మరొక పక్క గోదావరి, మధ్యలో కనుచూపు మేర రొయ్యల చెరువులు. కోడిగుడ్ల ధర ప్రకటించేటప్పుడు పశ్చిమ గోదావరికి ప్రత్యేకంగా ఒక ధర చెప్పేంతగా కోళ్ళ పరిశ్రమ పెరిగిన జిల్లా. చందువా, పండుగప్ప, మెత్తళ్ళు, ఎండు రొయ్యలు మనకు పండుగ వంటలు కావు, నిత్యపు కూరలు. ఉదయం ఒక గుడ్డు, మధ్యాహ్నం ఒక గరిటెడు రొయ్యల ఇగురు తిన్న మనిషి, అన్నం, పప్పు లెక్కలోకి తీసుకోకుండానే, ఆ రోజుకు కావలసిన సెలీనియాన్ని చేరుకుంటాడు. ఆ మనిషికి రాత్రి 200 మైక్రోగ్రాముల బిళ్ళ ఇవ్వడం దేనికి? అది ఐదు రోజుల అవసరాన్ని ఒక గుక్కలో మింగించడం.

"మేము శాకాహారులం, మా సంగతేమిటి?" అని కొందరు అడుగుతారు. సముచితమైన ప్రశ్న. శాకాహారులకు ధాన్యాలు, పప్పులు, పాల నుండి సెలీనియం అందుతుంది. వారిలో నేను ముందుగా అనుమానించేది సెలీనియం లోటును కాదు. బి12 విటమిను, డి విటమిను, ప్రోటీను, ఈ మూడింటి లోటును. షుగరుకు మెట్‌ఫార్మిన్ బిళ్ళ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 మరింత పడిపోతుంది. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు, నడకలో తూలు దాని వల్ల రావచ్చు. ఒక రక్తపరీక్షతో తేలిపోయే సంగతి అది. పరీక్ష మానేసి సెలీనియం మింగుతూ కూర్చుంటే నరం మాత్రం ఆగి ఎదురుచూడదు. ఆలస్యం మితిమీరితే దెబ్బతిన్న నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఎక్కువైతే ఏమవుతుంది?

"తింటే మంచిదే, తినకపోతే నష్టం లేదు, పోయేదేముంది?" అన్నది మన సమాజంలో విటమిను బిళ్ళల గురించి స్థిరపడిన అభిప్రాయం. ఇతర పోషకాల సంగతి ఎలా ఉన్నా సెలీనియం విషయంలో ఇది పొరపాటు. చాలిన మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం ఇందులో చాలా తక్కువ. ఆహారం, బిళ్ళలు అన్నీ కలిపి రోజుకు 400 మైక్రోగ్రాములు దాటరాదని అమెరికా వారు గీత గీశారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో ఆ గీతను 255కు దించింది. గుడ్లు, చేపలు, రొయ్యలు తినే ఇంట్లో 200 బిళ్ళ వేసుకున్నవారు ఆ రెండవ గీతకు ఎంత దగ్గరగా నిలబడ్డారో మీరే లెక్కవేసుకోండి.

మన దేశంలో సెలీనియం ఎక్కువై వచ్చిన ముప్పు ఎలా ఉంటుందో చూడాలంటే పంజాబు వెళ్ళాలి. అక్కడ నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లోని కొన్ని గ్రామాల నేలల్లో సెలీనియం మితిమీరి ఉన్నది. ఆ మేత మేసిన పశువుల గిట్టలు చెడిపోయి ఊడుతాయి, వెంట్రుకలు రాలుతాయి. కెషాన్ వ్యాధిని చూసిన చైనాయే, 1960ల తొలి సంవత్సరాల్లో ఎన్షీ అనే చోట దీనికి విరుద్ధమైన విపత్తును చూసింది. అక్కడ మనుషుల జుట్టు, గోళ్ళు ఊడిపోయాయి. ఒకే దేశం, ఒకే మూలకం. ఒక చోట లేక చచ్చారు, మరొక చోట ఎక్కువై బాధపడ్డారు.

2008లో అమెరికాలో జరిగినది ఇంకా ప్రత్యక్షమైన పాఠం. ఒక ద్రవరూప సప్లిమెంటు తయారీలో పొరపాటు జరిగి, ఒక మోతాదులో 200 మైక్రోగ్రాములు ఉండవలసిన చోట 40,800 మైక్రోగ్రాములు చేరింది. 10 రాష్ట్రాల్లో 201 మంది జబ్బుపడ్డారు. వారి లక్షణాలు ఏమిటి? విరేచనాలు, జుట్టు రాలడం, గోళ్ళు రంగు మారడం. వాటితో పాటు నీరసం, కీళ్ళ నొప్పులు. గమనించారా? ఏ నీరసం తగ్గుతుందని సీసా కొన్నారో ఆ నీరసమే సీసాలోంచి వచ్చింది.

అది ప్రమాదవశాత్తు జరిగినది కదా, లేబులు మీద వ్రాసిన మోతాదు వాడితే ఏమవుతుందని అడగవచ్చు. దానికీ జవాబు ఉన్నది. రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియంతో చర్మ క్యాన్సరును నివారించగలమా అని అమెరికాలో జరిపిన ఒక పరిశోధనను 2007లో మరొక కోణంలో విశ్లేషించారు. ఆరంభంలో షుగరు వ్యాధి లేనివారిని సగటున 7.7 సంవత్సరాలు గమనించగా, ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న 602 మందిలో 39 మందికీ, సెలీనియం వేసుకున్న 600 మందిలో 58 మందికీ షుగరు వచ్చింది. ఆ తరువాత 35,533 మంది పురుషులతో జరిపిన మరింత పెద్ద పరిశోధనలో ప్రోస్టేట్ క్యాన్సరు నివారణకు సెలీనియం ఉపయోగపడలేదని తేలి, 2008లో బిళ్ళలు ఆపించారు. ఈ పెద్ద పరిశోధనలో షుగరు ముప్పు స్పష్టంగా రుజువు కాలేదన్న సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. కాని, ప్రతి ఇంటా షుగరు బిళ్ళల డబ్బా ఉన్న మన ప్రాంతంలో, లాభం రుజువు కాని వస్తువు కోసం అంత మాత్రపు అనుమానాన్నైనా ఎందుకు మోయాలి?

మరి కాళ్ళు ఎందుకు పీకుతున్నాయి?

ఇదీ అసలు ప్రశ్న. సీసా మూత తీసిన మరుక్షణం ఈ ప్రశ్న మూతపడుతుంది. నా కోపమంతా అందుకే. అరవై దాటినవారిలో కండరాల నొప్పికీ, బలహీనతకూ తరచుగా కనిపించే కారణాలను ఒక్కొక్కటిగా చెబుతాను. మీకు మీరు అన్వయించుకుని చూడండి.

మొదటిది థైరాయిడ్ మందగించడం. ఒళ్ళు బరువెక్కడం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం, పిక్కలు పట్టేయడం దీనివల్ల వస్తాయి. వయసు మీద పడిందనుకుని ఊరుకుంటారు.

రెండవది డి విటమిను లోటు. ఎండ దండిగా ఉన్న దేశంలో ఇదేమిటని ఆశ్చర్యపోకండి. తిరుపతి పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెవాసుల్లో కూడా ఈ లోటు విరివిగా కనిపించింది. తొడలు, తుంటి దగ్గరి కండరాలు నీరసించి, నేల మీద నుండి లేవడం, మెట్లు ఎక్కడం కష్టమవుతుంది.

మూడవది మనం వాడే మందులే. కొలెస్ట్రాలుకు వాడే స్టాటిన్ బిళ్ళలు కొందరిలో కండరాల నొప్పి తెస్తాయి. బీ.పీ.కీ, కాళ్ళ వాపుకూ ఇచ్చే మూత్రం బిళ్ళలు పొటాషియాన్ని తగ్గించి కండరాలను నీరసపరుస్తాయి. ఈ మాట చదివి ఆ మందులు మీ అంతట మీరు ఆపకండి. గుండెను కాపాడే మందును కాలి నొప్పి కోసం వదిలేయడం మరొక ప్రమాదం. వ్రాసిచ్చిన వైద్యుడికి చెప్పండి. మోతాదు మార్చడానికో, మందు మార్చడానికో మార్గాలు ఉన్నాయి.

నాలుగవది, మన పల్లెల్లో అందరికన్నా నేరస్థురాలు, స్టెరాయిడ్. "ఒక్క సూదితో లేచి కూర్చున్నాడండీ" అని మెచ్చుకునే ఆ బలం సూదుల్లోనూ, కీళ్ళ నొప్పులకంటూ పొట్లం కట్టి ఇచ్చే పేరు లేని బిళ్ళల్లోనూ చాలాసార్లు ఉండేది అదే. నాలుగు రోజులు ఒళ్ళు తేలికపడుతుంది. నెలల తరబడి సాగితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, తొడ కండరం కరిగిపోతుంది. అప్పుడు లేవలేకపోతున్నానని మళ్ళీ అదే సూదికి వెళతారు. వ్యాధిని అమ్మినవాడే మందునూ అమ్ముతాడు. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా మానకూడదు. అది ప్రాణాపాయం. వైద్యుని పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి.

ఐదవది షుగరు వల్ల నరాలు దెబ్బతినడం. ఆరవది వెన్నులో నరం నొక్కుకుపోవడం. ఏడవది, పొగ త్రాగేవారి కాళ్ళలో రక్తనాళాలు పూడుకుపోవడం. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గడం దీని గుర్తు. ఎనిమిదవది, ఏ వ్యాధీ లేకుండానే, కదలక కూర్చోవడం వల్ల కండరం కరిగిపోవడం. ఒకప్పుడు గట్ల వెంట నడిచి చెరువు చూసి వచ్చిన మనిషి ఇప్పుడు బండి మీద వెళ్ళి వస్తున్నాడు. వాడని కొడవలికి తుప్పు పట్టినట్లే వాడని కండరం క్షీణిస్తుంది.

ఎనిమిది కారణాలు చెప్పాను. ఎనిమిదింటికీ ఎనిమిది వేర్వేరు చికిత్సలు. వీటిలో దేనికీ సెలీనియం సీసా చికిత్స కాదు.

రెండు సుత్తులు

ఇక యంత్రం సంగతి. మసాజ్ గన్ లోపల ఒక మోటారు, ముందు ఒక మెత్తని తల ఉంటాయి. అది నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు కొడుతుంది. వ్యాయామం చేసిన యువకుడి కండరానికి కాసేపు హాయినిస్తే ఇవ్వవచ్చు. దానిని నేను కాదనను. కాని ఆ యంత్రానికి ఉన్న నియంత్రణ ఒక్కటే: వేగం పెంచే మీట. తన కింద ఉన్నది కండరమో, గుల్లబారిన ఎముకో, రక్తపు గడ్డ కట్టిన పిక్క సిరో దానికి తెలియదు. రక్తం పలచబడే మందులు వాడేవారికి చర్మం కింద రక్తం కమ్ముతుందని తెలియదు. షుగరు వల్ల స్పర్శ పోయిన కాలికి నొప్పి తెలియదు కనుక ఎంత కొట్టినా ఆపమనేవారు లేరు. చైనాలో ఒక యువతి సైకిలు వ్యాయామం తరువాత తొడల మీద ఈ యంత్రం వాడించుకోగా కండరం చిట్లి, దాని ప్రోటీను రక్తంలో కలిసి, మూత్రం టీ రంగుకు మారి ఆసుపత్రి పాలైన ఉదంతం 2021లో వైద్య పత్రికలో వచ్చింది. అరుదైనదే. అయినా పాతికేళ్ళ వయసులో జరిగినది డెబ్బై ఐదేళ్ళ వయసులో జరగదని హామీ ఏదీ?

దీని పక్కన మరొక సుత్తిని పెట్టి చూడండి. వైద్యుని బల్ల సొరుగులో ఉండే చిన్న రబ్బరు సుత్తి. మోకాలిచిప్ప కింద స్నాయువు మీద దానితో తట్టితే కాలు ముందుకు ఎగురుతుంది. ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు 1875లో ఈ ప్రతిచర్యను విడివిడిగా వర్ణించారు. తట్టిన క్షణంలో తొడ కండరం సాగుతుంది, ఆ వార్త నరం ద్వారా వెన్నుపాముకు వెళుతుంది, అక్కడి నుండి ఆజ్ఞ తిరిగి వచ్చి కండరం ముడుచుకుంటుంది. అంటే ఒక్క దెబ్బతో కండరం, నరం, వెన్నుపాము మూడూ సాక్ష్యం చెబుతాయి. మడమ పైన తట్టినప్పుడు పాదం కదలకపోతే షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. పాదం కదిలి, తిరిగి యథాస్థితికి రావడానికి బద్ధకిస్తే థైరాయిడ్‌ను అనుమానించాలి. మోకాలు మామూలు కన్నా విపరీతంగా ఎగిరితే పైన వెన్నుపాములో ఎక్కడో ఒత్తిడి ఉన్నదేమో వెదకాలి. ప్రతిచర్య చక్కగా ఉండి తొడలో బలం మాత్రమే తగ్గితే దోషం కండరంలోనే ఉండవచ్చు. వయసు పైబడినవారిలో మడమ ప్రతిచర్య సహజంగానే తగ్గవచ్చు కనుక, మిగతా పరీక్షలతో కలిపి చదవాలి. అదే వైద్యం.

ఈ సుత్తికి మోటారు లేదు, మీట లేదు. పట్టు వదులుగా పట్టుకుని, మణికట్టును ఆడించి, సుత్తి తన బరువుతో తానే పడేటట్లు చేయడమే దాని నియంత్రణ. ఆ సుత్తి నిమిషానికి మూడు వేల సార్లు కొట్టదు. ఒక్కసారి తట్టి, జవాబు వింటుంది. యంత్రం జవాబు వినదు. సీసా కూడా వినదు.

నా వృత్తిలోని వారికి కూడా ఒక మాట చెప్పక తప్పదు. రోగి "కాళ్ళు పీకుతున్నాయి" అనగానే బల్ల మీద పడుకోబెట్టి, మోకాలిని, మడమను తట్టి, కండరాన్ని నొక్కి చూసే వైద్యులు తగ్గిపోతున్నారు. మాట పూర్తికాక ముందే నాలుగు రకాల బలం బిళ్ళలు వ్రాసిచ్చే చీటీలు పెరుగుతున్నాయి. వైద్యుడే పరీక్ష మానేసి బిళ్ళ వ్రాస్తే, రోగి తానే బిళ్ళ కొనుక్కోవడంలో తప్పేమున్నది? కనుక పరీక్షించమని అడిగే బాధ్యత ఇప్పుడు మీ మీద కూడా పడింది. అడగడం అమర్యాద కాదు. అది మీ హక్కు.

చెరువుకు ఇచ్చే గౌరవం

మన ప్రాంతపు రొయ్యల రైతును చూడండి. చెరువులో రొయ్య తోక వంగి బిగుసుకుపోయినా, కండ తెల్లబడినా అతడు కంగారుపడతాడు. అయితే చేతికందిన డబ్బా చెరువులో కుమ్మరించడు. నీటిని సీసాలో పట్టి ల్యాబుకు పంపుతాడు. ఉప్పు శాతం ఎంత, క్షారత ఎంత, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం ఏ పాళ్ళలో ఉన్నాయి అని తెలుసుకుని, లోటున్న మినరలే చల్లుతాడు. లేని లోటుకు మినరల్ చల్లితే డబ్బు దండగ, చెరువు పాడు అని అతనికి తెలుసు. చెరువులోని రొయ్యకు ఇచ్చే ఈ గౌరవాన్ని ఇంట్లోని తల్లిదండ్రుల కండరానికి ఇవ్వలేమా?

అమెరికాలో ఉన్న పిల్లలకు నా విన్నపం. మీరు పంపే సీసా ఖరీదులో ఇక్కడ అమ్మగారికి థైరాయిడ్, బి12, డి విటమిను, షుగరు, పొటాషియం, కండరం దెబ్బతింటే పెరిగే క్రియాటిన్ కైనేజ్ పరీక్షల్లో అవసరమైనవి చేయించవచ్చు. ఫోనులో "బిళ్ళలు వేసుకుంటున్నారా?" అని అడిగే బదులు "డాక్టరుగారు కాళ్ళు పరీక్షించారా? ఏమన్నారు?" అని అడగండి.

కండరానికి నిజంగా బలం తెచ్చేదేమిటో కూడా రుజువైనదే. 1994లో బోస్టన్ నగరపు వృద్ధాశ్రమవాసులతో ఒక పరిశోధన జరిగింది. నూరు మంది, సగటు వయసు 87. కొందరికి కాళ్ళకు బరువులతో వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ ఇచ్చారు. పది వారాల్లో వ్యాయామం చేసినవారి కండర బలం రెట్టింపును మించింది. వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే త్రాగినవారికి ఆ ఫలితం దక్కలేదు. ఎనభై ఏడేళ్ళ కండరం కూడా పనికి జవాబిస్తుంది, పోతపోసిన పోషకానికి ఇవ్వదు.

కనుక ఈ రోజే ఒక పని చేయండి. చేతులు గుండెల మీద కట్టుకుని, గోడకు ఆనించిన కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. పక్కన ఒకరిని నిలబెట్టుకోండి. 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే మీ కాళ్ళ సామర్థ్యం తగ్గిందని ఆసియా వైద్య నిపుణుల బృందం 2019లో చెప్పిన కొలత. తగ్గితే వైద్యుణ్ణి కలవండి, ఆయన సరేనంటే ఆ కుర్చీనే వ్యాయామశాల చేసుకోండి. పూటపూటకూ గుడ్డో, చేపో, పప్పో, పెరుగో కంచంలో ఉండేటట్లు చూసుకోండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ప్రోటీను మోతాదు వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

మూత్రం టీ డికాక్షను రంగులోకి మారినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, బలహీనత రోజుల వ్యవధిలో పెరుగుతున్నా, మింగడం గాని మాట గాని తడబడినా ఒక్క పూట కూడా ఆగకండి. ఆసుపత్రికి వెళ్ళండి.

మన దేశంలో ఈ సీసాల మీద "వైద్య ప్రయోజనానికి కాదు" అని ముద్రించాలని ఆహార భద్రతా నిబంధనలు ఉన్నాయి. అమ్మేవారు చిన్న అక్షరాల్లో ఒప్పుకున్న ఆ సత్యాన్ని మనం పెద్ద అక్షరాల్లో చదువుకోవాలి. మీ నొప్పికి ఒక కారణం ఉన్నది. ఆ కారణం పేరు తెలుసుకునే వరకు ఏ సీసా మూతా తీయకండి. ఈసారి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు బలం బిళ్ళ వ్రాయమని అడగకండి. "ఒకసారి ఆ సుత్తి తీసి నా కాళ్ళు చూడండి" అని అడగండి.